పాడె మీంచి లేచే రీలు

నేను ఒక సినిమా రీలును. మద్రాసులో ఒక లాబొరేటరీలో, మందునీళ్ల తొట్టెలోంచి పుట్టాను. ఒక పాటల హాస్యచిత్రానికి తొమ్మిదో రీలును. కథ గొప్పదేమీ కాదు. రేడియోలో పాడి ఊరూరా పేరు తెచ్చుకున్న చలమయ్య అందులో హీరో. ఇష్టం లేని పెళ్లి తప్పించుకోవడానికి చచ్చిపోయినట్టు నటిస్తాడు. పాడె మీద పడుకోబెడతారు. అందరూ ఏడుస్తుంటే "అమ్మా, ఆకలే!" అంటూ లేచి, దూకి పరుగెడతాడు. తర్వాత ఖాళీ పాడె, పారిపోతున్న జనం. అక్కడికి నేను అయిపోతాను. ఆ తర్వాతి పాట పదో రీల్లో ఉంటుంది. ఆ లేవడం, దూకడం అంతా కలిపి నా ఒంటి మీద డెబ్భై రెండు బొమ్మలు, తెర మీద మూడే సెకన్లు.

సినిమా విడుదలకు పదకొండు రోజుల ముందు చలమయ్య టైఫాయిడ్‌తో మద్రాసులోనే పోయాడు. వానలకు రైళ్లు ఆగిపోయాయి. రేపల్లె నుంచి తల్లి నాంచారమ్మ వెళ్లేసరికి దహనం అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు ఆవిడకు.

నెల తర్వాత నేను రేపల్లె చేరాను. ఆపరేటర్ మీరావలి నన్ను మెషిన్‌కెక్కించాడు. పాడె కనిపించగానే హాలు చల్లబడిపోయింది. నవ్వడానికి టికెట్టు కొన్న మనుషులు నవ్వలేదు. చలమయ్య లేచాక మాత్రం పగలబడి నవ్వారు. భయపడ్డవాళ్ల నవ్వు అది.

మ్యాట్నీ వదిలాక నాంచారమ్మ మెట్లెక్కి పైకి వచ్చింది.

"అబ్బాయ్, మావోడు లేచేకాడ ఒక ముక్క ఇయ్యవా? కళ్లారా చూసుకుంటా."

"వామ్మో, కంపెనీవాళ్లు నన్ను నమిలేస్తారు పిన్నమ్మా!"

"పడుకున్నది తియ్యమన్నానా? లేచేదేగా అడిగింది!"

మీరావలి కాసేపు తల గోక్కుని, కత్తెర తీశాడు. ఒక బొమ్మ ఆవిడకు, ఇంకొకటి అతుకుకు పోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కాదనలేకపోయాడు. జాలిపడి కత్తిరించేవాణ్ణి నేనెక్కడా చూడలేదు.

రెండో వారానికి చలమయ్య లేవడం మారింది. ఎవరో జుట్టు పట్టి లాగినట్టు లేచేవాడు. నేల టికెట్టులో ఒకడు అరిచాడు: "ఒరేయ్, ఇయాళ శవానికి తొందరెక్కువైందిరా!" నాలుగో వారానికి ఆ అరుపులు కూడా లేవు. పడుకుని ఉండేవాడు, అంతలోనే సగం లేచి ఉండేవాడు. మధ్యలో ఏమీ లేదు.

ముప్పై ఆరో రోజున మీరావలి చెప్పాడు: "ఇదే ఆఖరుది పిన్నమ్మా. ఇంక మీవాడు లేవడు."

అడిగి అడిగి తనే కొడుకును పడుకోబెట్టిందని అప్పటిదాకా నాంచారమ్మకు తోచలేదు.

మర్నాడు మ్యాట్నీకి వచ్చి కూర్చుంది. తెర మీద చలమయ్య పడుకున్నాడు. వెంటనే ఖాళీ పాడె వచ్చింది.

మా రీళ్లకు ఒక గుణం ఉంది. బొమ్మ మాట బొమ్మ పక్కన ఉండదు. ఇరవై బొమ్మలు ముందే అంచున అచ్చై ఉంటుంది; ఆ ఇరవై దాటాకే మెషిన్‌లో పలుకుతుంది. లేచేవాణ్ణి కత్తిరించారు గానీ, లేస్తూ పిలిచిన పిలుపు పడుకున్నవాడి పక్కనే మిగిలిపోయింది.

ఖాళీ పాడె మీంచి వినబడింది: "అమ్మా!"

అంతే. మిగతా మాట లేదు.

"వత్తన్నా నాయనా, వత్తన్నా!" ఆడవాళ్ల బెంచీల్లోంచి నాంచారమ్మ లేచి బయటికి పరుగెత్తింది. ఎవరూ నవ్వలేదు.

తర్వాత సంగతి, నన్ను డబ్బాలో సర్దుతూ మీరావలి తన అసిస్టెంటుకు చెబుతుంటే విన్నాను. సాయంత్రం నాంచారమ్మ ఇంటికి వెళ్లాడట. కిటికీకి ముప్పై ఆరు ముక్కలూ వరసగా దారానికి గుచ్చి ఉన్నాయట. వాటి కింద పీట, కంచంలో అన్నం, గోంగూర.

"ఆకలని అన్లేదుగా పిన్నమ్మా ఇయాళ?" అన్నాడట.

"అమ్మా అని అరిస్తే ఆకలే. నాకు తెలవదా?"

పొద్దున మళ్లీ వెళితే కంచం కడిగి బోర్లించి ఉందట. ఎవరు తిన్నారని మీరావలి అడగలేదు.

ఇప్పుడు నేను పాత సామాన్ల కొట్లో రేకు డబ్బాలో ఉన్నాను. పుల్లటి వాసన కొడుతున్నాను. బొమ్మలన్నీ చెరిగిపోయాయి. అంచున ఆ పిలుపు మాత్రం ఉంది. నన్ను మళ్లీ ఎవరూ తిప్పకుండా ఉంటేనే మంచిది. ఇక్కడ అన్నం పెట్టేవాళ్లెవరూ లేరు.