చొక్కా కింది పిస్తోలు

హార్లన్ పెట్టిన రూలు తుపాకుల క్లబ్బు గేటు పక్కన చెక్క మీద ఇప్పటికీ ఉంది. నడుముకు బాహాటంగా తగిలించుకున్న తుపాకీ ఖాళీగా ఉండాలి. చొక్కా కింద దాచుకున్నదాంట్లో తూటాలున్నా సరే, కానీ అది దాగే ఉండాలి. కాల్చే బల్ల దగ్గర తప్ప దాన్ని ముట్టుకున్నవాడు ఆ రోజే సభ్యత్వం వదులుకోవాలి, ఎంతటివాడైనా సరే. పెన్సిల్వేనియా కొండల్లోని ఆ క్లబ్బులో సగంమంది చొక్కాల కింద ఏదో ఒకటి ఉంటుంది. ఉందని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. అదొక మర్యాద.

హార్లన్ కుడిచెయ్యి వణకడం అతని భార్య వెర్నా వసంతం నుంచీ చూస్తోంది. కాఫీ కప్పు సగమే నింపుకుంటున్నాడు. గుండీలు పెట్టుకోవడానికి స్నానాలగది తలుపు వేసుకుంటున్నాడు. ఆమె ఏమీ అనలేదు. మొగుడి మొండితనం తెలుసు కాబట్టి అని తనకు తాను చెప్పుకుంది గానీ, అసలు సంగతి భయం. అడిగితే అది నిజమైపోతుంది.

జింకల వేట మొదలయ్యే ముందు, రైఫిళ్ళ గురి సరిచూసుకోవడానికి ఊరంతా క్లబ్బుకు వచ్చే శనివారం అది. బయల్దేరేటప్పుడు ఆమె ఉండబట్టలేకపోయింది.

“ఇవాళ ఆ పిస్తోలు ఇంట్లో పెట్టి రారాదూ? జనం ఎక్కువుంటారు.”

“ప్యాంటు కూడా విప్పేసి రమ్మంటావా?” అన్నాడు హార్లన్.

ఆమె నవ్వేసి ఊరుకుంది.

ఆ రోజు కాల్పుల అధికారి వెర్నాయే. ఎర్రటోపీ పెట్టుకుని, “కాల్పులు ఆపండి!” అని అరిచింది. జనం రైఫిళ్ళు ఖాళీ చేసి బల్లల మీద పెట్టి పసుపు గీత వెనక్కి జరిగారు. చిల్లులుపడ్డ గురి కాగితాలు మార్చడానికి కొందరు ముందుకు నడిచారు. వాళ్ళలో హార్లన్ తమ్ముడు ఎమెట్ ఉన్నాడు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎవరూ ఏ తుపాకీనీ తాకకూడదు.

గీత వెనక మడతకుర్చీలో కూర్చుని హార్లన్ మాంసం, చిక్కుడుగింజల కూర తింటున్నాడు. చెయ్యి వణికి చెంచా జారింది. తీసుకోబోయి వంగాడు. చొక్కా పైకి లేచి, వాడి వాడి వదులైపోయిన తోలు ఒరలోంచి పిస్తోలు కూడా జారింది.

జారే తుపాకీని పట్టుకోకూడదు, పడనివ్వాలి. పడ్డది పేలడం అరుదు, తడుముకునే వేలే దాన్ని పేలుస్తుంది. కొత్తగా చేరిన ప్రతివాడికీ హార్లన్ నోరు నొప్పెట్టేలా చెప్పిన పాఠమే ఇది. కానీ ఆ క్షణాన చెయ్యి అతని మాట వినలేదు. గాల్లోనే పట్టేసుకుంది. వేలు మీట మీద పడింది. గొట్టం నేరుగా, దూరాన కాగితం అంటిస్తున్న ఎమెట్ వీపు వైపు తిరిగింది.

వెర్నాకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆమె అరిచేలోగా అతను గొట్టం నేలకు దించి చుట్టూ చూశాడు. జనం చూపులన్నీ ఎదురుగా కాగితాల మీదే ఉన్నాయి.

“వెర్నా, ఎవరూ చూడలేదు,” అన్నాడు మెల్లగా.

నిజమే, ఎవరూ చూడలేదు. చొక్కా కిందికి లాక్కుంటే అయిపోయేది. ఈ చోటు లేకపోతే అతను ఏమైపోతాడో ఆమెకు తెలుసు. అంత బతిమాలే చూపు అతని కళ్ళలో ఆమె ఎన్నడూ చూడలేదు.

“ఎక్కడివాళ్ళక్కడే ఆగండి!” అని అరిచింది. “హార్లన్, అది నేల మీద పెట్టు. పెట్టి, చెయ్యి తియ్యి.”

పెట్టాడు. ముందున్నవాళ్ళందర్నీ వెనక్కి పిలిచాక, ఆమె దాన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళి ఖాళీ చేసింది.

“ఏంటన్నా, జింకలు దొరకవని మమ్మల్నే వేటాడదామనుకున్నావా?” అంటూ వచ్చాడు ఎమెట్. గొట్టంలోంచి తూటా బల్ల మీద దొర్లేసరికి అతని నవ్వు ఆగిపోయింది. దాన్ని పక్కకు తోసి, “పోన్లే వదినా. ఏం కాలేదుగా. అన్నయ్య పెట్టిన క్లబ్బు ఇది,” అన్నాడు.

“నీ వీపుకి కళ్ళు లేవు ఎమెట్. నేను చూశాను.”

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది హార్లన్ పని. పర్సులోంచి సభ్యత్వం కార్డు లాగడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు సహకరించడం లేదు, ఊరంతా చూస్తోంది. కార్డు బల్ల మీద పడేసి, “బజార్న పడేశావే నన్ను,” అన్నాడు.

తిరుగు దారిలో ఆమె బండి నడిపింది. వాగు వంతెన దాటాక అతను అడిగాడు.

“నా చెయ్యి సంగతి నీకెప్పట్నుంచి తెలుసు?”

“వసంతం నుంచి.”

అతను కిటికీ వైపు తిరిగాడు. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు.

“వంటింట్లో అడగాల్సిన మాట వెర్నా అది. మా తమ్ముడి వీపు దాకా ఎందుకు తెచ్చావు?”

ఆ వణుకును ఎవరూ చూడలేదన్న మాట అతనికంటే ముందు తనే అనుకుంది, ఇన్నాళ్ళూ, పొద్దున్నే కాఫీ పోస్తూ. ఇంటి ముందు బండి ఆగింది. హార్లన్ దిగి, అలవాటు కొద్దీ, ఖాళీ ఒర కనబడకుండా చొక్కా కిందికి లాక్కున్నాడు.