మత్తులో అన్న మాట

నాకు ఒళ్లు మండిపోతోంది. హాల్లో సోఫా మీద కూర్చుని మా అత్తగారు పక్కింటావిడకి సీసా చూపిస్తున్నారు. అందులో అత్తయ్య పిత్తాశయంలోంచి తీసిన రాళ్లున్నాయి, మొత్తం ఏడు. వచ్చినవాళ్లందరికీ దాన్ని గలగలలాడించి మరీ చూపించడం నాలుగు రోజులుగా నడుస్తోంది.

"సర్జన్‌గారిది ఎంత మంచి హస్తవాసి అనుకున్నారు! నొప్పి అన్నదే తెలియలేదంటే నమ్మండి."

నొప్పి తెలియకుండా చేసింది నేను. సర్జన్‌గారు చేసింది కొయ్యడం. ఆ గంటన్నరా ఆవిడ ఊపిరి నా చేతిలో ఉంది. మధ్యలో బీపీ పడిపోతే నిలబెట్టింది కూడా నేనే. ఆయన అప్పుడు కొత్త కారు కబుర్లు చెబుతున్నారు.

"మీ కోడలు కూడా అక్కడే డాక్టరు కదండీ?" అంది పక్కింటావిడ.

"ఆఁ, ఉంది. సూదేసి నిద్రపుచ్చుతుంది."

పదకొండేళ్ల చదువు, తొమ్మిదేళ్ల ఉద్యోగం ఒక్క ముక్కలో తేల్చిపారేశారు. నిద్రపుచ్చడంలో ఏముంది? మళ్లీ లేపడం కదా అసలు పని!

సరే, పొగడకపోతే మానె. నా మంట అందుకు కాదు. మత్తు విభాగానికి హెడ్‌గా ఉండమని ఆసుపత్రివాళ్లు నన్ను అడగడం ఇది మూడోసారి. మొదటిసారి కడుపుతో ఉన్నానని వద్దన్నాను. రెండోసారి మామగారు పోయేముందు మంచాన పడ్డారని వద్దన్నాను. ఈసారి కూడా వద్దంటే ఇక అడగరు, నేను పని నేర్పినవాడి కిందే నేను పనిచెయ్యాలి. రేపటిలోగా జవాబివ్వాలి.

హెడ్‌నైతే రాత్రి ఏడైతేగానీ ఇంటికి రాలేను. ఇప్పుడు డ్యూటీ దిగి పాపని బడి నుంచి నేనే తెచ్చుకుంటున్నాను. ఆ పని అత్తయ్య చెయ్యాలి. "నా వల్ల కాదు" అని ఆవిడ నెల క్రితమే ముఖం మీద చెప్పేశారు. మా ఆయన సంగతి చెప్పనక్కర్లేదు. "అమ్మ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం" అని చేతులు దులుపుకున్నాడు.

అమ్మ ఒప్పుకుంది. నా కోపమంతా అదే.

సొంతవాళ్లకి మత్తు ఇవ్వకుండా ఉండడం మా డాక్టర్లలో అలవాటు. "వేరేవాళ్లయితే నేను బల్ల ఎక్కను" అని అత్తయ్యే మొండికేశారు. తీరా బల్ల ఎక్కాక గడగడ వణికిపోతుంటే, భయం తగ్గడానికి ఓ సూది వేశాను. అసలు మత్తుకి ముందు వేసేది అది. దాంతో దడ తగ్గుతుంది, కొందరికి నోరు తెరుచుకుంటుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం మనిషికి గుర్తుండదు.

రెండు నిమిషాలకి ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, ఆ హెడ్డు ఉద్యోగం ఒప్పేసుకో. పాపని నేను చూసుకుంటా. పెళ్లయిన కొత్తలో నాకు టైపు పరీక్షకి హాల్‌టికెట్టు కూడా వచ్చింది, తెలుసా? ఆ పొద్దున మీ మామగారు నన్ను ఇంట్లో పెట్టి తాళమేసుకుని పోయారు. నువ్వు రోజూ బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే నాకు కడుపుమంట. అందుకే వద్దన్నాను."

ఆ మనిషికి సేవ చెయ్యడానికా నేను రెండోసారి వద్దన్నది! పళ్లు కొరుక్కున్నాను. అసలు మత్తు ఎక్కించాను.

లేచాక ఆవిడ అడిగిన మొదటి మాట, "సర్జన్‌గారేరి?"

ఆ సాయంత్రమే మా ఆయనతో, మీ అమ్మ ఒప్పుకున్నారని చెప్పాను. మిగతాది చెప్పలేదు. "మందు ఎక్కినవాళ్లు ఏదేదో వాగుతారని నువ్వే అంటావుగా" అని నవ్వేశాడు. బల్ల మీద విన్నది ఇక బయటపెట్టకూడదని నేను నాలుగు రోజులు నోరు కట్టేసుకున్నాను. ఆవిడేమో సీసా ఊపుకుంటూ కూర్చున్నారు.

పక్కింటావిడ వెళ్లగానే వెళ్లి ఆవిడ చేతిలోంచి సీసా లాక్కుని బల్ల మీద ఠపీమని పెట్టాను.

"అత్తయ్యా, రేపు నేను హెడ్‌గా ఒప్పుకుంటున్నాను. పాపని చూసుకుంటానని మీరే అన్నారు."

"నేనా? ఎప్పుడన్నానే?"

"ఆపరేషన్ బల్ల మీద, నేను సూది వేశాక. మీకు గుర్తుండదు. గుర్తులేకుండా చేసింది నేనే."

అబద్ధమంటారనుకున్నాను. గొడవకి సిద్ధంగానే నిలబడ్డాను. ఆవిడ తలుపు వైపు చూసి, కొడుకు లేడని రూఢి చేసుకుని, గొంతు బాగా తగ్గించారు.

"తాళం సంగతి కూడా చెప్పేశానా?"

"చెప్పారు."

"వాడికి చెప్పావా?"

"లేదు."

నా కోపం ఇంకా తగ్గలేదు. తెలిసి తెలిసి నెల రోజులు నా ముందు తలుపేసిన మనిషి మీద అంత తొందరగా ఎలా తగ్గుతుంది?

"పాప బడి ఎన్నింటికి వదులుతారు?" అన్నారు.