పద్నాలుగో నంబరు ఫోన్

మోయిజ్ బండి సీటు మీద విజయమ్మ బకెట్ నీళ్లు కుమ్మరించి నాలుగు రోజులైంది. ఐదో రోజు పొద్దున ఆమె మోండా మార్కెట్‌లో అదే మోయిజ్ కొట్టు ముందు నిలబడి ఫోన్ బల్ల మీద పెట్టింది.

చిలకలగూడ గల్లీలో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్లు. ఫోన్లు బాగుచేసే మోయిజ్ తన బండిని రోజూ విజయమ్మ గడపకు ఆనించి పెడతాడు. బయటికి రావాలంటే ఆమె కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కకు తిరిగి జారాలి. ఏడాది పాటు తిట్టింది. తిట్లకు బండి కదలకపోతే నీళ్లు పోసింది. చూసుకోకుండా ఎక్కి కూర్చుని కొట్టుకొచ్చిన మోయిజ్‌ను వెనక నుంచి చూసి ఆ రోజు మార్కెట్ మొత్తం నవ్వింది.

"ఏందీ, నా సీటు తడిపిన చెయ్యేనా ఇది?" తల ఎత్తకుండానే అడిగాడు మోయిజ్.

"ఆ చెయ్యే. పని జేస్తవా, ముచ్చట పెడ్తవా?"

"ఇంత పెద్ద మార్కెట్ల ఇంకో కొట్టు దొరకలేదా నీకు?"

"నాలుగు కొట్లు తిరిగిన. ఎల్లుండి రమ్మంటున్రు. నాకు ఇయ్యాల మూడు గంటలకు కావాలె. గతిలేక నీ మొహం చూస్తున్న."

మోయిజ్ ఫోన్ తీసుకోలేదు. స్క్రూడ్రైవర్‌తో గోరు గీక్కుంటూ, "చెప్పు," అన్నాడు. కష్టం వింటానన్నట్టు కాదు, వేడుక చూస్తానన్నట్టు.

విజయమ్మ పని ముసలివాళ్లను ఇళ్లకు వెళ్లి చూసుకోవడం. ఒక ఏజెన్సీ ఆమెను మూడేళ్ల కింద సైనిక్‌పురిలో ఆలిస్ అనే డెబ్బై ఎనిమిదేళ్ల ఆవిడ ఇంటికి పంపింది. ఆలిస్‌కు షుగరు, చెవి మందం, నోరు పదును. ముందు వచ్చిన నలుగురు ఆయమ్మలు నెల తిరక్కుండా పారిపోయారు. విజయమ్మ ఉండిపోయింది. ఆ ఇల్లు పోతే ఏజెన్సీ తనను ఊరికి ఆ కొసన ఎక్కడో వేస్తుందని, లేదంటే అసలే వేయదని ఆమెకు తెలుసు. నలభై తొమ్మిదేళ్ల మనిషికి కొత్త ఇల్లు దొరకడం అంత తేలిక కాదు.

పీకులాటంతా ఏజెన్సీ ఇచ్చిన ఫోన్‌తోనే. అందులోని యాప్ పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా మనిషి ఎక్కడుందో ఆఫీసుకు చెబుతుంటుంది. ఫోన్ ఆగితే మనిషి డ్యూటీ వదిలి పోయినట్టే లెక్క, ఎర్ర గుర్తు పడుతుంది. పేషెంటు ఇంటి కరెంటుతో ఫోన్ చార్జింగ్ పెట్టకూడదని రూలు. మూడు ఎర్ర గుర్తులకు ఇల్లు పోతుంది. విజయమ్మకు మూడోది నిన్న పడింది.

"పొద్దున వందకు వంద నింపుకొని పోత. ఒక్కో దినం పదకొండు గంటలకు ముప్పై చూపిస్తది. చూపిస్త చూపిస్తనే టక్కున పోతది. నేనే బంద్ జేసి ఇంటికొచ్చి పండుకుంటున్ననని మా సూపర్వైజర్ రాజేందర్ కథలు చెప్పిండు. ఇయ్యాల అందరికి సెలవిచ్చి మూడు గంటలకు మీటింగు పెట్టిండు. రేపటిసంది ఆ ఇంటికి వేరేటామె పోతదట."

"పండుకుంటలేవా మరి?"

"నీ బండి అడ్డం పెట్టినంక ఇంట్లకు పోవుడే కష్టం, ఇగ పండుకునుడా?"

పక్క కొట్టాయన కిసుక్కుమన్నాడు. మోయిజ్ మొహం మాడింది.

"నువ్వే అబద్ధమాడుతున్నవని నీ కండ్లకే చూపిస్త. అందుకే చూస్తున్న," అని ఫోన్ లాక్కున్నాడు. "ఆయనేమన్నడో అది సుత వినిపియ్యి."

రాజేందర్ పంపిన వాయిస్ మెసేజ్‌ను విజయమ్మ వేలితో ఒత్తింది. నోట్లో గుడ్డ కుక్కుకుని మాట్లాడుతున్నట్టు ఒక గొంతు గునిసింది. "విజయమ్మా, డ్రామాలు బంద్ జెయ్యి... బ్యాటరీ హెల్త్ గుడ్ ఉన్నది... మూడు గంటలకు ఆఫీసుకు రా."

"మైకు పోయింది ఆయనకు. తెమ్మను, మంచిగ జేస్త," అన్నాడు మోయిజ్. "హెల్త్ గుడ్ అని ఎట్ల తెలిసిందట?"

"స్టారు, హ్యాషు అని ఏవో నంబర్లు కొట్టిండు. కొడితే గుడ్ అనే వచ్చింది మరి."

మోయిజ్ మొదటిసారి నవ్వాడు, అదీ ఆమెను చూసి కాదు. "గుడ్ అంటే ఇప్పటికిప్పుడు బ్యాటరీ కాలిపోతలేదు అని. మంచం మీదున్న ముసలాయన ముక్కుకాడ వేలు పెట్టి ఊపిరాడుతున్నదా అని చూసుడే అది. ఆయన ఉరుకుతడా లేదా అన్నది అది చెప్పదు."

సెట్టింగుల్లోకి వెళ్లి, ఫోన్ గురించి అన్న చోట ఒత్తి, లోపల బ్యాటరీ వివరాలు తెరిచాడు. తెరిచి ఫోన్‌ను ఆమె వైపు తోశాడు.

"ఏం జేసినవ్ దీన్ని? తొమ్మిది వందల నలభైసార్లు చార్జింగ్ తిన్నది. అడుగు నుంచి నిండా ఎక్కితే ఒకసారి లెక్క. ఇగ ఇందుల బలం వందకు యాభై ఎనిమిది వంతులే మిగిలింది. పొద్దుమాపు సీరియళ్లు చూసి పిప్పి పిప్పి జేసినవ్. మీ సారు చెప్పిందే కరెక్టు."

విజయమ్మ ఫోన్ చూడలేదు. వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. "బోనాలప్పుడు ఇచ్చిన్రు. ఐదు నెలలు. నూట యాభై రోజులు. తొమ్మిది వందల నలభై అంటే..." ఆగింది. "దినానికి ఆరుసార్ల మీదనే. రెండు గంటలు నింపాలె, రెండు గంటలు ఖాళీ జెయ్యాలె, మళ్ల నింపాలె. నేను ఆలిసమ్మకు అన్నం ఎప్పుడు పెట్టినట్టు? నీతోని ఎప్పుడు కొట్లాడినట్టు?"

మోయిజ్ ఫోన్ వెనక్కి లాక్కుని కింద ఇంకో వరుస చదివాడు. ఈసారి గొంతు తగ్గింది.

"మొదటిసారి వాడిన తారీకు... రెండేండ్ల ఐదు నెలల కింద. నీకు పాతది అంటగట్టిన్రు."

"కొత్తదే. డబ్బా సీలు నేనే చింపిన. బొట్టు సుత పెట్టిన."

"ఫోన్‌కా?"

"ఎందుకు పెట్టొద్దు? అన్నం పెట్టే వస్తువు."

పదిహేడు మంది ఆయమ్మలకు ఆ రోజు ఒకే రకం ఫోన్లు, వెనక నంబరు అంటించిన ఒకే రకం ఆకుపచ్చ కవర్లు ఇచ్చారు. ఒక చార్జర్ పాడైతే ఇంకోటి పనికొస్తుందని ఏజెన్సీ ఎప్పుడూ అదే రకం కొంటుంది, సూపర్వైజర్లకు కూడా. బోనాల వారం. విజయమ్మ కొంగున అమ్మవారి కుంకుమ ఉంది. పసుపు నీళ్లలో తడిపి పద్నాలుగో నంబరు ఫోన్‌కు అడుగు భాగాన గట్టిగా అద్దింది. అది చార్జర్ పెట్టే చోటు పక్కనున్న సన్నటి బొక్కలోకి దిగింది. రాజేందర్ చప్పట్లు కొట్టి మరీ అందరినీ పిలిచాడు. "చూడుండ్రి, ఫోన్‌కు పెండ్లి జేస్తున్నది! ఇగ దీనికి శోభనం ఎప్పుడు విజయమ్మా?"

"అప్పటిసంది ఫోన్ల నా మాట ఎవ్వరికి వినబడలే. ఆలిసమ్మ అయితే, గొంతుల ఏమన్న కప్ప కూసున్నదా అని రోజు తిట్టింది. దసరా పోయినంక మంచిగైంది. ఆ తల్లే కరుణించిందనుకున్న."

మోయిజ్ కంటికి భూతద్దం బిగించుకుని ఫోన్ అడుగు భాగాన్ని లైటు కింద పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఇందుల కుంకుమ ఎన్నడు పడలే."

"పడ్డది. నా చేత్తోని పెట్టిన."

"నేను ఇరవై ఏండ్లసంది ఇదే చూస్తున్న. తడి కుంకుమ ఈ మైకు జాలీల పడితే సూది పెట్టి గీకినా ఎరుపు పోదు. ఇది అద్దం లెక్క ఉన్నది."

విజయమ్మకు దసరా గుర్తొచ్చింది. పండుగ ముందు రోజు ఆయుధపూజ అని రాజేందర్ అందరి ఫోన్లూ గంపలో వేసుకుని ఆఫీసులో పెట్టాడు. మూడో రోజు తిరిగిచ్చాడు. అదే కవరు, అదే పద్నాలుగో నంబరు, అదే సిమ్ము. అప్పటిదాకా తీసుకున్న ఫోటోలు మాత్రం లేవు. అప్‌డేట్ చేశాను, పాతవి పోతాయి అన్నాడు.

"మోయిజూ," అంది మెల్లగా, "ఆ వాయిస్ మెసేజ్ ఇంకోసారి పెట్టు."

గుడ్డ కుక్కిన గొంతు మళ్లీ గునిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విన్నారు.

ఆమె ఫోన్ తీసుకుని వెళ్తుంటే మోయిజ్ వెనక నుంచి అరిచాడు. "నా బండి ఆడనే పెడ్త!"

"పెట్టు. సీటు పొడిగుంటదో లేదో చూస్కో!"

ఏజెన్సీ ఆఫీసు మార్కెట్ వెనక సందులో మేడ మీద. మూడు గంటలకు ఆయమ్మలంతా చాప మీద కూర్చున్నారు. ఏజెన్సీ నడిపే అనుపమ మేడం బల్ల వెనక తెల్లకాగితం మీద ఏదో రాసుకుంటోంది. రాజేందర్ కిటికీ దగ్గర ఎవరితోనో ఫోన్‌లో గొంతు చించుకుంటున్నాడు. "హలో... అరె, నేనే... వినబడ్తలేదా? గట్టిగనే మాట్లాడుతున్న!"

ఫోన్ పెట్టేసి విజయమ్మ మీదికి వచ్చాడు. "ఇగో మేడం, వచ్చింది మహారాణి. బ్యాటరీ ఖరాబని ఏడుస్తది. చూడుండ్రి." ఆమె చేతిలోంచి ఫోన్ గుంజుకుని నంబర్లు కొట్టాడు. "హెల్త్, గుడ్. చదువొస్తే చదువుకో విజయమ్మా."

"ఏడో తరగతి దాంక చదివిన సారూ. ఇంకో కాయితం సుత ఉన్నది దీంట్ల, అది మీరు చదువుండ్రి."

మోయిజ్ తెరిచిన దారినే ఆమె వేలు వెళ్లింది. ఫోన్ మేడం ముందు పెట్టింది. తొమ్మిది వందల నలభై. మొదటిసారి వాడిన తారీకు. దినానికి ఆరుసార్ల లెక్క కూడా నోటితో చెప్పింది. చాప మీద గుసగుసలు లేచాయి.

అనుపమ కనుబొమ్మలు ముడిచింది. "ఏంటి రాజేందర్ ఇది?"

రాజేందర్ తడబడలేదు. అలాంటివాడే అయితే ఇన్నాళ్లు సూపర్వైజర్‌గా నెగ్గేవాడు కాదు. "కంపెనీవోడు పాత మాల్ పంపిండు మేడం. నేను మాట్లాడుత. కానీ డ్యూటీల ఫోన్ కాపాడుకునే బాధ్యత ఆమెదే గదా? రెడ్ మార్క్ రెడ్ మార్కే. రేపటి మనిషికి నేను ఆల్రెడీ చెప్పేసిన."

"కరెక్టే," అంది అనుపమ. "విజయమ్మా, ఫోన్ మార్పిస్తాం. కానీ ఆలిస్ మేడంకి కొత్త మనిషి వస్తుందని చెప్పేశాం. మళ్లీ మార్చడం బాగోదు."

విజయమ్మ చేతి గాజులకున్న పిన్నీసు విప్పింది.

"సారూ, జెర మీ ఫోన్ ఇయ్యుండ్రి."

"ఎందుకు?"

"మీ మాట ఎవ్వరికి వినబడ్తలేదు గదా. మంచిగ జేస్త."

"అవసరం లేదు. పో, పోయి కూసో."

"ఇయ్యడానికి ఏమైంది సారూ? ఐదు నిమిషాలసంది హలో హలో అని ఒర్లుతున్నరు," అని చాప మీద నుంచి బుచ్చమ్మ అంది. అందరిలోకీ పెద్దామె, ఎవరికీ భయపడదు.

"నోరు మూసుకో బుచ్చమ్మా!"

"రాజేందర్, ఇవ్వు," అంది అనుపమ. ఆమెకు అనుమానం రాలేదు. గొడవ తొందరగా ముగియాలంతే.

ఫోన్ బల్ల మీదికి వచ్చింది. విజయమ్మ దాన్ని తెల్లకాగితం మీద నిలువుగా పట్టుకుని, అడుగున సన్నటి బొక్క మీద పిన్నీసు మొనతో నాలుగుసార్లు గీకింది. ఎర్రటి పొడి రాలింది. ఎక్కువేమీ కాదు, నాలుగైదు ఆవగింజలంత. తెల్లకాగితం మీద అది చాలు.

బోనాల వారం ఫోన్‌కు పెళ్లి చేసిందెవరో, చప్పట్లు కొట్టి నవ్విందెవరో చాప మీద ప్రతి ఒక్కరికీ గుర్తుంది.

"మీరు సుత బొట్టు పెట్టిన్రా సారూ మీ ఫోన్‌కు?" అడిగింది విజయమ్మ. "నన్ను చూసి నేర్చుకున్నరా?"

రాజేందర్ మొహం కాగితం మీది కుంకుమ రంగుకొచ్చింది. "దసరాకు గంపల అన్ని ఒక్క తీరుగున్నయి మేడం... కలిసిపోయినయేమో..."

"కవర్లు సుత అవే మార్చుకున్నయా? సిమ్ములు లేచి నడిచినయా?"

"ఏయ్, నువ్వెవతివే నన్నడగనీకి!"

"పద్నాలుగో నంబరును. బొట్టు పెట్టేదానికి ఫోన్ గురించి ఏం తెలుస్తదనే గదా పదిహేడు మందిల నన్ను పట్టుకున్నవ్? నీ పాత ముసలిదాన్ని నా నెత్తిన పెట్టి, అది సచ్చినప్పుడల్లా నాకు ఎర్ర గుర్తు పెట్టినవ్."

అనుపమ కాగితాన్ని కుంకుమతో సహా మడిచి సొరుగులో వేసింది. "చూడండి, ఈ విషయం బయటికి వెళ్లకూడదు. రాజేందర్‌తో నేను విడిగా మాట్లాడతా. విజయమ్మా, నీ మార్కులు తీసేస్తా. ఆలిస్ మేడం సంగతి తర్వాత..."

"తర్వాత కాదు మేడం. నేను పండుకుంటున్ననని చెప్పింది విడిగ కాదు, అందరి ముంగట. ఇప్పుడే."

ఆమె అదే పిన్నీసు మొనతో రెండు ఫోన్ల పక్కనున్న బొక్కల్లో గుచ్చి సిమ్ములు బయటికి తీసింది. మార్చింది. పద్నాలుగో నంబరు ఆకుపచ్చ కవరు ఊడదీసి తన ఫోన్‌కు తొడిగి, రాజేందర్ అరచేతిలో అతని పాత ఫోన్ పెట్టింది. అప్పుడు ఆలిస్ ఇంటికి ఫోన్ చేసి, అందరికీ వినబడేలా స్పీకర్ మీద పెట్టింది.

"ఎవరు?" అంది ఆలిస్ గొంతు, అటు నుంచి చిరాగ్గా.

"అమ్మా, నేను విజయమ్మను."

"ఎవరూ? ఏం వినపడ్డం లేదు. ఎవరో గాని గొంతులో కప్ప కూర్చుంది."

లోపల ఇంకా కుంకుమ మిగిలే ఉంది. పిన్నీసుతో ఇంకో రెండుసార్లు గీకితే పోయేది. విజయమ్మ పిన్నీసు తిరిగి గాజులకు తగిలించుకుంది. రాజేందర్ మొహానికి మూరెడు దూరంలో నిలబడి, ఊపిరంతా కూడదీసుకుని అరిచింది.

"రేపు సుత నేనే వస్తున్ననమ్మా! నేనే! కొత్తామె ఎవ్వతి వచ్చినా తలుపు తియ్యకుండ్రి!"

రాజేందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఆఁ, ఇప్పుడు వినపడింది," అంది ఆలిస్. "అలా అరవకు, చెవులు పోతాయి. వచ్చేటప్పుడు కొత్తిమీర పట్టుకురా."