అరవై రెండో ఫారం

"ఆ కాగితాలు కాస్త తియ్యి, కంచాలు పెట్టుకోవాలి" అన్నాడు భర్త. పెట్టుకోవాలి అన్నాడే గానీ పెట్టేది అతను కాదు. ఆదివారం మధ్యాహ్నం కంచాలు వాటంతటవే నడిచొచ్చి బల్లమీద కూర్చుంటాయని అతని నమ్మకం. పదహారేళ్ళుగా ఆ నమ్మకానికి ఏ భంగమూ కలగలేదు.

ఆమె కాగితాలు తీసింది. నర్సింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు ఫారాలవి. 'విద్యార్థినులు ఈ వృత్తిని ఎంచుకోవడానికి కారణాలు' అని పైన పెద్ద అక్షరాలు. తరగతిలో అరవై మూడు మంది. పరిశోధన చేసేది ఇద్దరు: ముప్పై ఎనిమిదేళ్ళ ఈమె, ఇరవై ఒక్కేళ్ళ ఫస్ట్ బెంచి. ఆ పిల్లకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ కాలేజీ అంతా అలాగే పిలుస్తారు. మిగిలిన అరవై ఒక్కమందికీ ఫారాలు పంచారు. పేరు రాయక్కర్లేదు. నాలుగు గడులు ఉంటాయి: సేవాభావం, ఉద్యోగ భద్రత, ఇంట్లోవాళ్ళు చెప్పారు, ఇతర కారణాలు. టిక్కు పెట్టి ఇచ్చెయ్యడమే.

అబద్ధమెందుకు, ఆమెకి ఫస్ట్ బెంచి అంటే కుళ్ళు. మార్కుల మీద కాదు. ఆ పిల్ల యూనిఫాం వాళ్ళమ్మ ఇస్త్రీ చేసి పెడుతుంది. సంచిలో డబ్బా వాళ్ళమ్మే సర్దుతుంది. సాయంత్రం ఇంటికెళ్ళి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆ సాయంత్రమంతా ఆ పిల్లదే. ఒకసారి "నిన్న బోర్ కొట్టి పడుకున్నానక్కా" అంది. బోర్ కొట్టి పడుకోవడమా! ఒళ్ళు హూనమైతే తప్ప, ఊరికే, వెల్లకిలా, తను ఆఖరిసారి ఎప్పుడు పడుకుందో ఆమెకి గుర్తు రాలేదు. ఆ వారమే ఆమె ఒక నీచమైన పని చేసింది. లైబ్రరీలో ఆ పిల్లకి కావలసిన పుస్తకాన్ని తీసి వేరే అరలో, లావుపాటి పుస్తకాల వెనక దాచింది. రెండు రోజులు ఆ పిల్ల వెతుకుతుంటే పక్కనే కూర్చుని చూసింది. సిగ్గేసింది. అయినా బావుంది.

భోజనం మధ్యలో వదిన ఫోన్. భర్త అక్కగారు. స్పీకర్లో పెట్టాడు.

"ఒరేయ్, మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయిపోయిందిరా. శనివారం ఇంటికి పంపుతారట. మాకు మెట్లెక్కించడం కష్టం. నెల రోజులు మీ దగ్గర ఉంచుతాం."

"దానికేముందక్కా, ఇంట్లోనే నర్సుంది కదా" అన్నాడు భర్త, ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"అదేరా నేనూ అంటున్నది! దానికి అలవాటే. మా అమ్మని ఎలా చూసింది! అంత సేవాభావం మాకెక్కడిదమ్మా" అంది వదిన. ఆ చివరి మాట ఈమెకి. అంతవరకూ మాట్లాడింది ఈమె గురించి, ఈమెతో కాదు.

ఆమె మంచినీళ్ళు పోసి పక్కకి వెళ్ళింది. సేవాభావం! ఆ మాట వింటే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

అత్తగారికి ఒక పక్క చచ్చుబడితే నాలుగేళ్ళు చూసింది. ఎత్తడం, తుడవడం, తినిపించడం, దుప్పట్లు ఉతకడం. మూడో ఏడు నడుం కింద పుండు పడింది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, ఒక్కదాన్ని ఎత్తలేకపోతున్నాను, ఒక చెయ్యి వెయ్యండి అని మూడు నెలలు మొత్తుకుంది. "అమ్మని అలా చూడలేను నేను" అనేవాడు భర్త. సున్నితమైన మనసు మరి. చూడలేనివాడు చూడకుండా ఉండగలిగాడు, ఈమెకి ఆ సున్నితం పెట్టుకునే వీలు లేకపోయింది. పుండు ముదిరాక ఆస్పత్రి నుంచి వారానికి రెండుసార్లు నర్సు రావడం మొదలైంది. భర్త పరిగెత్తి కుర్చీ వేశాడు. ఫ్యాను ఆవిడ వైపు తిప్పాడు. మేడమ్ అన్నాడు. ఆ మేడమ్ గ్లవ్స్ తొడుక్కుంటూ "రెండు గంటలకోసారి పక్క మార్చాలండీ" అంది. అతను భార్య వైపు తిరిగి "విన్నావా?" అన్నాడు.

విన్నావా! మూడు నెలలు తన నోట్లోంచి వచ్చినప్పుడు సణుగుడు. ఇంకొకరి నోట్లోంచి వచ్చేసరికి వైద్యం.

నర్సు ఇరవై అయిదు నిమిషాలు ఉండేది. వారానికి యాభై నిమిషాలు. వారంలో మిగిలిన నూట అరవై ఏడు గంటలూ ఈమెవే. పుండు మానింది. "ఆ నర్సమ్మ హస్తవాసి ఎంత మంచిదో!" అంది వదిన. అత్తగారు సరిగా తిరగని నాలుకతోనే నర్సు చెయ్యి పట్టుకుని "చల్లగా ఉండు తల్లీ" అంది. కోడలికి నాలుగేళ్ళలో ఆ నోటినుంచి అందింది "నీళ్ళు" అన్న మాట ఒక్కటే. ఆ నర్సు చెడ్డమనిషేం కాదు, పాపం వెళ్తూ వెళ్తూ ఈమెని చూసి నవ్వేది కూడా. ఆ నవ్వు చూస్తే ఇంకా కడుపు మండేది. కుర్చీ కంటే, మేడమ్ అన్న పిలుపు కంటే, ఆవిడ సబ్బుతో చేతులు కడుక్కుని గుమ్మం దాటి వెళ్ళిపోవడం చూస్తే ఈమెకి ఏడుపొచ్చేది. పనికి ఒక చివర ఉండటం. అయిపోయింది అని లేవగలగడం. అదే పని. అవే పుండ్లు. ఆవిడ చేస్తే వృత్తి, తను చేస్తే కోడలి ధర్మం.

అత్తగారు పోయిన ఏడాదికి నర్సింగులో చేరింది. ఇంటర్వ్యూలో "ఈ వయసులో ఎందుకమ్మా?" అని అడిగారు. "మా అత్తగారికి సేవ చేస్తూ ఈ వృత్తి గొప్పతనం తెలుసుకున్నానండీ" అంది. ముగ్గురూ తలలూపారు. సీటొచ్చింది. ఆ ముక్క భర్తకి ఎంత నచ్చిందంటే, తన సొంతం చేసుకుని కనపడినవాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. "మా అమ్మ దగ్గరే నేర్చుకుంది సేవ. నేనే ప్రోత్సహించాను" అని. తన అబద్ధం తన మెడకే చుట్టుకుంది.

అందుకే మూడు వారాల కింద, ఫారాలు పంచాక ఒకటి మిగిలితే ఆమె చెయ్యి ఆగలేదు. బల్ల పక్కన నిలబడే నింపేసింది. ఇతర కారణాలు అన్నచోట ఒక్క మాట రాసింది: అసూయ. ఎవరూ చూడకుండా కట్టలో కలిపేసింది.

సోమవారం ప్రాజెక్టు గైడ్ మేడమ్ గదిలో ఫస్ట్ బెంచి లెక్క చదివింది. "సేవాభావం నలభై ఏడు. ఉద్యోగ భద్రత తొమ్మిది. ఇంట్లోవాళ్ళు అయిదు. ఇతర కారణాలు ఒకటి."

"ఏమిటా ఒకటి?"

"అసూయట మేడమ్!"

మేడమ్ పకపకా నవ్వింది. "ఎవరో వెటకారం చేశారు. తీసెయ్యండి. అయినా మీరు పంచింది అరవై ఒకటైతే అరవై రెండెలా వచ్చాయి? అదే దొంగది."

నోరు మూసుకుంటే ఆ ఫారం వెటకారం కింద పోతుంది. తెరిస్తే తప్పు కింద పోతుంది. ఆమె తెరిచింది. "అది నాది మేడమ్."

మేడమ్ నవ్వు ఆపింది.

"పరిశోధన చేసేదానివి, నీ ఫారం నువ్వే నింపుకుంటావా? మొదటి పాఠం కదా అది!"

"తెలుసు మేడమ్. ఈ ప్రశ్న నన్నెవరూ కాగితం మీద అడగలేదు. ఆగలేకపోయాను."

"సరేలే, ఎలాగూ చెల్లదు. మొదటి స్లైడు మాత్రం నీ కథే. అత్తగారి సేవ నుంచి నర్సింగ్ దాకా. బయటి ఎగ్జామినర్ కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. ఫోటో తెచ్చావా?"

తెచ్చింది. భర్తే ఏరి ఇచ్చాడు. మంచం మీద అత్తగారు, ఆవిడ నుదుటి మీద చెయ్యేసి భర్త. ఫోటో తీసింది ఈమె కాబట్టి ఈమె అందులో లేదు.

వరండాలోకి రాగానే ఫస్ట్ బెంచి పట్టుకుంది. "నిజంగానా అక్కా? అసూయా?"

"నీమీద కూడా. ఆ పుస్తకం దాచింది నేనే."

"మీరా! నేను లైబ్రేరియన్ని అనుమానించి ఆయనతో మాట్లాడటం మానేశాను!" అని ఆ పిల్ల నవ్వబోయి ఆగింది. "నాకూ ఉందక్కా మీమీద. వార్డులో ఆ మూలమంచం తాత, సూది వెయ్యబోతే నా చెయ్యి తోసేసి 'ఆ పెద్దమ్మాయిని పిలు' అన్నాడు గుర్తుందా? ఆ రోజు మీ చార్టులో తప్పు చూశాను. చెప్పలేదు. మేడమ్ మిమ్మల్ని తిట్టేదాకా ఆగాను."

"నువ్వా!"

"నేనే."

ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఈమె అడిగింది: "నీకు ఫారం ఇస్తే ఏం పెట్టేదానివి?"

"సేవే. ఇంకేం పెడతామక్కా? అప్లికేషన్ మా నాన్న నింపి తెచ్చాడు. నాకెందుకు కావాలో నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు."

"పరిమితులు ఎవరు చెప్తున్నారు?"

ప్రతి ప్రాజెక్టు చివరా పరిమితులని ఒక స్లైడు ఉంటుంది. మా పరిశోధనలో లోటుపాట్లు ఇవీ అని ఒప్పుకోవాలి. అందరూ 'సమయం చాలలేదు, ఒకే కాలేజీలో చేశాం' అని గబగబా చెప్పి కూర్చుంటారు. ఎవరూ వినరు.

"నేనే చెప్పేద్దామనుకున్నా" అంది ఫస్ట్ బెంచి.

"అది నాకియ్యి. మొదటి స్లైడు నుంచి నువ్వు చెప్పు. ఫోటో తీసెయ్."

"మేడమ్ చంపేస్తుందక్కా."

"నన్ను చంపుతుంది. నువ్వు అడ్డం రాకు."

శుక్రవారం ఎగ్జామినర్ వచ్చింది. తెల్లజుట్టు మనిషి, కళ్ళజోడు తాడుకి కట్టుకుంది. మొదటి స్లైడులో ఫోటో లేకపోవడం చూసి గైడ్ మేడమ్ మొహం కందగడ్డయింది. ఫస్ట్ బెంచి అంకెలన్నీ సరిగ్గానే చెప్పింది. నలభై ఏడు మంది సేవాభావం అనగానే ఎగ్జామినర్ తల ఊపి ఏదో రాసుకుంది.

ఈమె లేచింది.

"పరిమితులండీ. ఒకటి, ఒకే కాలేజీలో చేశాం. రెండు, ఏం రాస్తే బావుంటుందో అందరికీ ముందే తెలుసు, అదే రాశారు. మూడు, ఒక ఫారం తీసేశాం. అది పరిశోధన చేసినావిడే నింపింది కాబట్టి చెల్లదు. తియ్యడం న్యాయమే. అయితే కారణం నిజంగా రాసింది ఆవిడేనని నాకు ఖాయంగా తెలుసు. ఎందుకంటే ఆవిడ నేనే."

గైడ్ మేడమ్ దగ్గింది. ఎగ్జామినర్ కలం కింద పెట్టింది. "ఏమని రాశారు?"

"అసూయ అని."

"ఎవరి మీద?"

"మా ఇంటికొచ్చిన నర్సు మీదండీ. నేను నాలుగేళ్ళు చేసిన పనే ఆవిడా చేసింది. ఆవిడ చేస్తే అది పని."

వెనక వరసలో ఎవరో నవ్వబోయి మానేశారు. ఎగ్జామినర్ కళ్ళజోడు తీసింది. "మరి ఇప్పుడు తీరిందా?"

"తీరలేదండీ. సాయంత్రం ఇంటికెళ్తే నేను నర్సుని కాను."

ఎన్ని మార్కులేసిందో తెలియదు. కాగితం మడిచి లోపల పెట్టుకుని, తర్వాతి వాళ్ళని పిలవమంది.

ఈమె బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఫోన్ తీసింది. ఇంటివాళ్ళ గ్రూపులో వదిన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చి ఉంది. 'రేపు పదింటికి తీసుకొస్తున్నాం. ముందుగది ఖాళీ చేసి ఉంచు.' కింద భర్త పైకెత్తిన బొటనవేలి బొమ్మ పెట్టాడు.

ఆమె టైప్ చేసింది. చెరపలేదు, దిద్దలేదు, దణ్ణాలూ క్షమాపణలూ కలపలేదు.

'తీసుకురావద్దు వదినా. నాకు సేవాభావం లేదు, ఎప్పుడూ లేదు. మంచి నర్సుని పెట్టుకోండి.'