మేనత్త అడిగితే

గౌను చిన్నదైపోతుందేమో, అయితే కానీ, కొలత తెలియకుండా కొన్నావని ఎవరైనా మూతి విరిస్తే విరవనీ, ఏడాదికో ఫొటో పంపితే పొడుగూ లావూ ఎలా తెలుస్తాయి, ఆ ఫొటోల్లో పిల్ల ఎప్పుడూ తెల్లబట్టలేసుకుని చర్చి గోడ పక్కన ఎండకి కళ్ళు చికిలించుకునే ఉంటుంది, నవ్వుతోందో ఏడవబోతోందో కూడా పోల్చుకోలేం, ఇదిగో ఇప్పుడు తెలుస్తుంది, పడవ పంగాయి రేవులో తాడు వేసేదాకా ఓపిక పడితే చాలు, సినీవా సంచీని ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు, ఎవరెత్తుకుపోతారు, తమ్ముడు సామిసోనీ ఉండగా అతని అక్క సంచీ మీద చెయ్యేసే మగాడు ఈ హాపాయి దీవుల్లో ఇంకా పుట్టలేదు, ఎత్తుకుపోవడం అనే మాట బ్రిస్బేన్ వాళ్ళది, వృద్ధాశ్రమంలో తనతోపాటు ముసలివాళ్ళకి స్నానాలు చేయించే డెనీస్ వాడిన మాట, టీ కలుపుకుంటూ, అయితే తమ్ముడి కూతుర్ని తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చేస్తావన్నమాట అంది, చక్కెర వెయ్యనా అని అడిగినంత తాపీగా, ఎత్తుకురావడమేమిటి నీ మొహం, మా టోంగాలో మేనత్త అడిగితే ఇస్తారు, అడక్కపోతే మా పిల్లలకేం తక్కువని చిన్నబుచ్చుకుంటారు, పిల్లకి ఉన్న ఇల్లు పోదు, ఇంకో ఇల్లు వస్తుంది, మా ఊళ్ళో సగంమంది రెండిళ్ళ పిల్లలే, మీరు మాత్రం కన్నతల్లిని తెచ్చి మా చేతుల్లో పడేసి క్రిస్మస్‌కి చాక్లెట్ డబ్బా పట్టుకుని వస్తారు, నువ్వా నాకు చెప్పేది, అని కడిగేసింది, డెనీస్ కప్పు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి పోయింది, పీడా పోయింది.

రేవుకి తమ్ముడు వచ్చాడు, మర్యాదగా నడుముకి చాప చుట్టుకుని, తల వంచుకుని పెట్టెలందుకున్నాడు, పలకరించలేదు, పలకరించడు, చిన్నప్పుడు సెలవులకి ఊరొచ్చినప్పుడల్లా వీణ్ణి వీపునెక్కించుకుని ఊరంతా తిప్పింది తనే, మీసాలు మొలిచిన దగ్గర్నుంచి అక్క ఉన్న గదిలో కాలు పెట్టడు, అక్క మొహం చూసి నవ్వడు, అది పొగరు కాదు, గౌరవం, ఆ గౌరవం ముద్దకట్టి ఇప్పుడు బండి నడుపుతోంది, ముందు సీట్లోంచి భార్యతో అంటున్నాడు, పడవలో కడుపులో తిప్పిందేమో అడుగు, మరదలు ఫిపే వెనక్కి తిరిగి, పడవలో కడుపులో తిప్పిందా వదినా, లేదని చెప్పు, లేదంటున్నారు, ఎండకి తలనొప్పేమైనా వచ్చిందేమో అడుగు, వచ్చిందా వదినా, ముగ్గురూ ఒక్క బండిలోనే ఉన్నారు, సినీవాకి నవ్వొచ్చింది, బ్రిస్బేన్‌లో ఎవరూ తన తలనొప్పి గురించి ఇంత తతంగం చేసి అడగరు, పిల్లేదని అడగబోయి మానేసింది, ఆత్రం బయటపెట్టుకుంటే ఎలా, అడగాల్సిన అవసరమేముంది, తనది తనకి తెచ్చిస్తారు, అయినా సంచీలోకి చెయ్యి పెట్టి గౌను మడత మళ్ళీ సరిచేసింది.

ఇంట్లో మంచి చాపలన్నీ తీసి పరిచారు, అన్నిటికన్నా మెత్తటిది గది ఎగువన, తనకి, తన పక్కన ఎవరూ కూర్చోరు, చిన్నాన్న భార్య సేనా పిన్ని తప్ప, ఆవిడకి ఎవరి గౌరవమూ పట్టదు, వచ్చీరాగానే నడుం మీద ఒక్కటి చరిచి, ఆస్ట్రేలియా తిండి బాగానే పట్టిందే నీకు, పడవ ఒకవైపు ఒరగలేదా అంది, ఒరిగింది పిన్నీ, నువ్వు ఇటుపక్కన కూర్చుని ఉంటే సరిపోయేది, ముసలావిడ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది, నేలపొయ్యి లోంచి తీసిన చేమాకు పొట్లాలు తెచ్చి ముందు పెట్టారు, కొబ్బరిపాలలో ఉడికిన మాంసం వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, పొగకి అని చెప్పుకుంది, పక్కింట్లో ఆడవాళ్ళు వరసకట్టి కూర్చుని బట్ట చెయ్యడానికి చెట్టు బెరడు దంచుతున్నారు, ధబ్ ధబ్ మని, ఎక్కడ పిల్ల, తను తినేదాకా పిల్లలెవరినీ లోపలికి రానివ్వరు, తెలుసు, తెలిసీ గుమ్మం వైపే చూస్తోంది, ఫిపే విసనకర్ర పట్టుకుని ఈగలు తోలుతోంది, వంచిన తల ఎత్తడం లేదు, ఈ ఫిపే కడుపుతో ఉన్నప్పుడే ఫోన్లో అడిగింది తను, ఆస్పత్రుల చుట్టూ తిరిగీ తిరిగీ ఇక లాభం లేదని డాక్టరు తేల్చిన వారంలో, మొగుడు నోరెత్తకుండా బట్టలు సర్దుకున్న వారంలో, సిగ్గుపడకుండా అడిగింది, ఈసారి పుట్టేది నాకు ఫిపే, మీ మాటే మా మాట వదినా అని అటునుంచి తక్షణం వచ్చింది, క్షణం కూడా తడుముకోలేదు, పేరు కూడా తనే పెట్టింది, తన తల్లి పేరు, లెసియేలి, దత్తత కాగితాలు తెమలక ఇన్నేళ్ళు పట్టింది కానీ పిల్ల ఆ రోజు నుంచీ తనదే, ఎవరేమన్నా తనదే, బ్రిస్బేన్‌లో ఆ కాగితాలు చూసే ఆఫీసులో కళ్ళజోడు అమ్మాయి, కన్నతల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకుందా అని పదే పదే అడిగింది, మనస్ఫూర్తిగా కాక, మా వాళ్ళకి మనసు ఒకటి మాట ఒకటి ఉండదమ్మా అని చెప్పొచ్చింది.

అప్పుడు తీసుకొచ్చారు, గుమ్మంలోకి, జుట్టుకి కొబ్బరినూనె పట్టించి లాగి లాగి రెండు జడలేసి, మోకాళ్ళు కూడా నూనెతో మెరుస్తున్నాయి, నుదురు అచ్చం అమ్మదే, అయ్యో అమ్మా, ఆ ఫొటోల్లోనే ఉండి ఇన్నాళ్ళూ కనపడలేదా నువ్వు, పిల్ల కళ్ళు చికిలించడం లేదు, ఇక్కడ ఎండ లేదు, తిన్నగా చూస్తోంది, సినీవా చేతులు వాటంతటవే చాచుకున్నాయి, ఫిపే వెనక నుంచి మెల్లిగా తోసి, వెళ్ళమ్మా, అత్త ఒళ్ళో కూర్చో అంది, పిల్ల కదల్లేదు, వెళ్ళు, పిల్ల గడప పక్కన గుంజని వాటేసుకుని, చర్చిలో వాక్యం అప్పజెప్పినంత స్పష్టంగా, నేను రాను అంది.

మెట్ల మీద ఇటు వీపు పెట్టి కూర్చున్న సామిసోనీ వీపు కొయ్యబారింది, ఈ ఇంట్లో ఈ వంశంలో మేనత్త పిలిస్తే రాననడం ఎవరైనా విన్నారా, సేనా పిన్ని, నోరు చూడు దీనికి, పిల్లా పిడుగా అంది, మొదట ఒళ్ళు మండింది, దాచుకోవడమెందుకు, సినీవాకి ఒళ్ళు మండింది, ఎవరనుకుంటున్నావే నన్ను, సముద్రం దాటి వచ్చాను, నీ పేరు పెట్టినదాన్ని, ఫిపే చెయ్యెత్తింది కొట్టడానికి, సినీవా చాప మీదే గుమ్మం దాకా జరిగి ఆ మణికట్టు పట్టుకుంది, పట్టుకుంటే తెలిసింది, ఆ చేతిలో బలమే లేదు, కొట్టే చెయ్యి కాదది, ఫిపే మొదటిసారి తలెత్తింది, కళ్ళల్లో భయం ఉంది, ఆ భయం వెనకాల ఇంకోటుంది, పిల్ల అన్నమాటని లోపల్లోపల తనూ అంటున్న మనిషి మొహం అది, ఎన్నేళ్ళుగా అంటోందో, క్షణం కూడా తడుముకోకుండా మీ మాటే మా మాట అన్న నాటి నుంచీనా, తడుముకోవడానికి ఎవరిచ్చారు దానికి హక్కు, పోనీ అడిగి చూద్దాం, ఫిపే, నీకిష్టమేనా, నిజం చెప్పు, మీ మాటే మా మాట వదినా, చూశావా, అదే మాట, అదే గొంతు, కొయ్యని అడిగినా అంతే చెబుతుంది.

తనని కూడా ఇలాగే పిలిచింది తన మేనత్త, రాజధాని నుకుఅలోఫాలో పెద్ద ఇల్లు, ఇంతే వయసు, ఒళ్ళో కూర్చోమంటే వెళ్ళి కూర్చుంది, బంగారుతల్లి, ఎంత అణకువో అన్నారంతా, మేనత్త మంచిది, కడుపునిండా పెట్టింది, చదివించింది, ఒక్కనాడు చెయ్యి చేసుకోలేదు, ఏడవలేదు కాబట్టి ఇష్టపడే వచ్చిందనుకుంది, తనూ అలాగే అనుకుంది, ఇన్నేళ్ళూ, రాత్రి దిండులో మొహం దూర్చుకోవడం లెక్కలోకి రాదనుకుంది, పోయేముందు మేనత్త చెయ్యి పట్టుకుని, నేనంటే ఇష్టమేనా నీకు అని అడిగింది, ఇష్టమే అత్తా అంది తను, నిజమే చెప్పింది, కానీ ముసలావిడ నమ్మలేదు, కళ్ళు మూసుకుని అటు తిరిగింది, ఎందుకు నమ్మలేదో అర్థం కాక అప్పట్లో కోపం వచ్చింది, ఇప్పుడర్థమవుతోంది, ఎన్నడూ కాదనని పిల్ల అవునంటే ఏం నమ్ముతుంది పాపం, అవును తప్ప మరో మాట రానిచ్చిందా ఎప్పుడైనా.

గుంజ దగ్గర పిల్ల ఇంకా అలాగే ఉంది, గడ్డం పైకెత్తి, దెబ్బకి సిద్ధంగా, పారిపోవడం లేదు, నువ్వు నన్ను పడవెక్కించేస్తావు, నేను రాను, మా అమ్మకి రాత్రిపూట భయమేస్తుంది అని మళ్ళీ చెప్పింది, వివరంగా, ఈ మొద్దు మనిషికి ఇంకోసారి చెబితే గానీ ఎక్కదన్నట్టు, సినీవాకి నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు, పొట్ట కదిలేలా నవ్వింది, చూసేవాళ్ళు మతిపోయిందనుకుంటే అనుకోనీ, సరేలే, రాకు అంది, పట్టుకున్న ఫిపే చెయ్యి వదిలేసింది, మీ ఆయనతో చెప్పు, పడవ రేపు వెళ్ళిపోతే వెళ్ళిపోనీ, నేనిక్కడే ఉంటున్నాను, ఎన్నాళ్ళు వదినా, నాకేం తెలుసు, దాన్నడుగు, ఫిపే వెనక్కి తిరిగి మెట్ల వైపు ఆ మాట ఒకటికి రెండుసార్లు చేరవేసింది, బ్రిస్బేన్‌లో ఉద్యోగం పోతే పోతుంది, తెమిలిన కాగితాలు మురిగితే మురుగుతాయి, డెనీస్ నేను చెప్పలేదా అంటే అంటుంది, కళ్ళజోడు అమ్మాయి తలాడిస్తే ఆడిస్తుంది, వాళ్ళ మాట విని ఆగిపోవడం కాదిది, వాళ్ళకేం తెలుసు, ఊళ్ళో ఇన్నిళ్ళున్నాయి, ఇంతమంది తమ్ముళ్ళూ మరదళ్ళూ ఉన్నారు, ఎవరినేది అడిగినా అవునంటారు, ఆ అవును వల్ల తనకి ఎవరూ ఏదీ ఇచ్చినట్టు కాదు, ఈ ఇంట్లో తనని కాదనగలిగింది ఈ గుంజ పట్టుకున్న పిడుగొక్కతే, కాబట్టి వస్తానంటే నమ్మాల్సిందీ దీన్నే, అననీ, అనకపోనీ, అనేదాకా తను దీనికి ఏమీ కాదు, అంతే, మేనత్త కూడా కాదు, చాప మీద కూర్చుని అడుగుతున్న ఓ లావుపాటి ఆడమనిషి.