లింగవ్వ ముక్కు, లక్ష్మీపతి సారు పడవ

సోమలింగం పెండ్లాం లింగవ్వకు కోపం ముక్కు మీదనే ఉంటదని సూరత్‌ల గోడాదర గల్లీల అందరికీ ఎరికే. బట్ట నేసే సాంచాలు నడిపే మన తెలుగోళ్లకు అన్నం వండిపెట్టే మెస్సు ఆమెది. పొయ్యి మీద పోపు ఎంత ఏగిందో వాకిట్ల నిలవడి వాసనతోనే చెప్పేది. ఎవడన్న బీడీ తాగొచ్చి పళ్లెం ముందల కూసుంటే లేపి బయటికి తోలేది. గసొంటి మనిషికి కరోనా రెండోసారి విరుచుకపడ్డ ఎండకాలంల జ్వరమొచ్చింది. జ్వరమైతే తగ్గింది గని, పోతపోత వాసనను పట్టుకపోయింది.

వానకాలం గూడ ఎల్లింది, వాసన మాత్రం రాలె. పక్కకు నిలవడే ఉన్నా పప్పు అడుగంటింది తెలుస్తలేదు. ఏది తిన్నా మన్ను తిన్నట్టే ఉన్నదాయె, ఉప్పు చూసేదెట్ల? తినెటోళ్లు పాపం నోరు మెదపకుంట ఇంత తొక్కు కలుపుకొని లేస్తుండె. వాళ్ల మంచితనమే ఆమెను ఎక్కువ కోసింది. దసరా పోంగనే మెస్సు బందువెడుతనన్నది. సోమలింగం పానం ఆగమైంది. మెస్సు పోతే పోనీ, లింగవ్వ లింగవ్వ లెక్క లేకపాయె గదా అని ఆయన బాధ.

ఇగ పడవ ముచ్చట. సూరత్‌లనే ఆల్థాన్ దిక్కు ఉండే లక్ష్మీపతి సారు రైల్వేల పనిచేస్తడు. లాక్‌డౌన్‌ల ఆయన భార్య సీతమ్మ పుట్టింట్ల చిక్కువడితే, ఆయనను బతికించింది లింగవ్వ పంపిన అన్నం డబ్బానే. సారుకు రిమోటుతోని నడిచే బొమ్మ పడవల పిచ్చి. అసొంటి పిచ్చోళ్లు సూరత్‌ల ఇంకొందరున్నరు, చెరువుల పందేలు పెట్టుకుంటరు. అందరియి బ్యాటరీ పడవలు, పెట్రోలు పడవలు. ఈయన మాత్రం ఏడికెల్లో సొరకాయంత టర్బైన్ ఇంజను తెప్పిచ్చిండు. విమానం ఇంజనుకు పిల్ల అనుకోండ్రి. ముందటికెల్లి గాలి గుంజుకుంటది, లోపట గాసునూనె, అదే కిరోసిన్, మండుతది, ఆ ఊపుకు చక్రం తిరిగి పడవ కింది పంకను తిప్పుతది. దాన్ని పడవల కూసోవెట్టి ఇరుసు కలిపే పని సాంచాల మిస్త్రీ సోమలింగం మీద వడ్డది.

ఆ పని ఏడ చేసిండనుకున్నరు? వంటింట్ల. గాసునూనె డబ్బా తెచ్చి పప్పుడబ్బా పక్కన పెట్టిండు. ఎనుకటి లింగవ్వయితే ఇంజనును, మొగన్ని కలిపి గల్లీల పారేసేది. ఇప్పుడు పక్కకెల్లి పోయి సప్పుడు చెయ్యక బియ్యం కడుక్కుంటున్నది. ఒక్క తిట్టు తిట్టితే బాగుండని సోమలింగం ఓరగ చూసెటోడు. ఆమె మొకంల ఏ కదలికా లేకుంటే మల్ల తల వంచుకొని స్క్రూ తిప్పుకునెటోడు.

దసరా ఎల్లినంక ఆదివారం నాడు వడోద్ ఊరి అవతలి చెరువు కాడ పందెం. ఇంట్ల కూసుండి ఏం జేస్తవు, జర గాలి తగులుతది అని లింగవ్వను బతిమాలి తోలుకపోయిండు. ఆమె ఒడ్డు మీద అందరికీ దూరంగ కూసొని, మాస్కు గదుమ కిందికి గుంజుకున్నది.

ఇంజను మూతి కాడ చేతిరుమాలు గూడ ఉండొద్దని, దొరికింది దొరికినట్టు మింగుతదని సారు సోమలింగానికి చెప్పి చెప్పి అలిసిపోయిండు. సోమలింగం తల ఊపిండు. ఊపి ఏంజేసిండు? పండుగకు సాంచాలకు చేసినట్టే పడవకు పసుపు రాసి, కుంకుమ బొట్టు వెట్టి, ఇంత పెద్ద బంతిపువ్వు ఇంజను మూతి పొంటి చెక్కిండు. బొట్టు, పువ్వు లేకుంట కొత్త మిషన్ మొదలువెట్టాలంటే మనోళ్లకు చేతులాడుతయా? సారన్న ఆపాలె గదా. ఆయన గూడ కండ్లు మూసుకొని దండం వెట్టె.

సారు రిమోటు నొక్కిండు. ఇంజను సన్నగ కూత మొదలువెట్టింది. బంతిపువ్వు ఉన్నకాడ లేదు. గొంతుల మెతుకు అడ్డం వడ్డట్టు ఇంజను దగ్గింది, మంట సరిగ అంటుకోలె. కాలని గాసునూనె తెల్లటి పొగై ఎనుక గొట్టంలకెల్లి బుస్సుమని తన్నుకొచ్చి ఒడ్డు మీది లింగవ్వను కమ్మేసింది. పెట్రోలు పడవలు చెరువు చుట్టు తిరిగొచ్చినయి. మనది నీళ్లల్ల పన్న బర్రె లెక్క ఉన్నకాన్నే ఉన్నది.

నెలల తరబడి సారు పడ్డ ఆశను నా చేతులతోనే ఇంజనుకు మింగిచ్చిన గదా అని సోమలింగం సిగ్గుతోని సచ్చిపోయిండు. సారు పడవను ఒడ్డుకు గుంజి, ఇంజను మూతిలకెల్లి పసుపుపచ్చ రెక్కలు ఒక్కొక్కటి తీసుకుంట కూసున్నడు. ఇప్పి కడిగితే మల్ల నడుస్తదని మెల్లగ చెప్పిండు.

అప్పుడు ఎనుకకెల్లి లింగవ్వ దగ్గు వినబడ్డది. కొంగు ముక్కుకు అడ్డం వెట్టుకొని లేచి నిలవడ్డది.

"థూ, ఏంది గీ గాసునూనె కంపు?"

సోమలింగం ఆమె దగ్గరికి ఉరికిండు. మల్ల జెప్పుమన్నడు. ఆమె కొంగు తీసింది, గట్టిగ పీల్చింది, అట్లనే నిలవడిపోయింది. కండ్లల్లకెల్లి నీళ్లు బొటబొట కారినయి. సారు పువ్వు రెక్కలు చేతుల వట్టుకొనే నవ్వవట్టిండు. ఇంజను సంగతే యాది మరిసిండు.

లింగవ్వ మొగని దగ్గరికొచ్చి, ఆయన అంగికి ముక్కు ఆనిచ్చి చూసింది.

"నీ అంగికి గూడ గిదే కంపు. ఇన్నొద్దులు గిట్లనే నా పక్కల పన్నవా?" అని అంతమంది ముందల అందుకున్నది. సోమలింగం చేతులు కట్టుకొని, పానం సల్లగై, ఒక్కొక్క తిట్టు వినుకుంట, ముసిముసిగ నవ్వుకుంట నిలవడ్డడు.

"నవ్వుతవేంది? ఇంటికి పోంగనే తానం జెయ్యి. రేపు మెస్సుల మందికి వండెదున్నది."