పాతరలో బ్యాటరీ లైటు

లింగమూర్తి పంతులు చెప్పిన పాఠాలు మరిచిపోయిన పిల్లలు ఉండవచ్చు గానీ, ఆయన బ్యాటరీ లైటును మరిచిపోయినవాళ్లు ఆ ఊళ్లో ఒక్కరూ లేరు. బోథ్‌కు మూడు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరికి మిడిల్ స్కూలు వచ్చిన ఏడాదే ఆయనా వచ్చాడు. కరీంనగర్ దిక్కు సాలెల ఇంట్లో పుట్టినవాడు. తండ్రి బతుకంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని గడిపేశాడు. కొడుకు మాత్రం ఉర్దూలో సైన్సు చదివి, రాష్ట్రం మారాక అదే సైన్సును తెలుగులో చెప్పడం నేర్చుకున్నాడు. అంగీ మోచేతుల దగ్గర చిరిగి ఉన్నా పట్టించుకోకుండా, మెరిసే మూడు సెల్లుల బ్యాటరీ లైటు కొనుక్కున్నాడు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అని తోటి పంతుళ్లు ఎగతాళి చేస్తే తానూ నవ్వేవాడు. ఆ నవ్వులో గర్వం ఉండేది. ఉండదూ మరి, చుట్టుపక్కల ఊళ్లలో అలాంటిది ఇంకోటి లేదాయె.

ఆయన ఉండేది గట్టయ్య ఇంటి పక్క కొట్టంలో. గట్టయ్య హనుమండ్లు పటేలు దగ్గర జీతం ఉండేవాడు. గట్టయ్య పెండ్లాం సక్కుబాయి పొద్దూ మాపూ రెండు జొన్నరొట్టెలు ఎక్కువ కాల్చి పంతులుకు పంపేది. అందుకు బదులు పంతులు వాళ్ల బిడ్డ తారాబాయిని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించేవాడు. ఆడపిల్లను పెద్ద బడికి పంపడం సక్కుబాయికి ఇష్టం లేదు. పిల్ల పోతే గొడ్ల దగ్గర ఎవరుంటారని ఆమె బాధ. పంపాల్సిందేనని పట్టుపట్టినవాడు గట్టయ్యే.

"నేను పాతరల దిగి బతికిన. నా బిడ్డ గూడ నా లెక్కనే గుంతల పడాల్నా?" అనేవాడు.

పాతరలో దిగడం ఆ ఊళ్లో గట్టయ్య పని. పటేలు అంగణంలో గింజలు దాచే రెండు పాతరలున్నాయి, నేలలో తవ్వినవి. మూతి మనిషి పట్టేంత, కడుపు గది అంత. లోపల జొన్నచొప్ప పరిచి, జొన్నలు పోసి, బండ మూసి మట్టితో మెత్తితే రెండేళ్లయినా గింజ ఉంటుంది. తీసేటప్పుడు మాత్రం ఒక కట్టడి ఉంది. బండ జరిపాక ఊరికే దిగరాదు. తాడుకు దీపం కట్టి లోపలికి దించాలి. దీపం ఆరిపోతే లోపల లచ్చుమి ఇంకా నిద్రలో ఉన్నట్టు, లేపకూడదు. మూతి తెరిచే ఉంచి మర్నాడు మళ్లీ దించాలి. దీపం నిలిస్తే లచ్చుమి లేచినట్టు, అప్పుడు దిగాలి. గట్టయ్య తండ్రీ తాతా అలాగే దిగారు, అలాగే ముసలివాళ్లయి మంచంలో పోయారు.

సాయంత్రాలు గట్టయ్య పంతులు కొట్టం ముందు కూర్చుని బ్యాటరీ లైటు చేతిలో పట్టుకుని వెలిగించి ఆర్పుతూ మురిసిపోయేవాడు.

"పంతులూ, దీంట్ల నూనె యాడ వోస్తవ్?"

"నూనె లేదు గట్టయ్యా. లోపల మందున్నది. గా మందుల ఉన్న శక్తే ఎలుగయితది. అగ్గి లేదు, గాలితోటి పని లేదు."

"గాలొచ్చినా ఆరదా?"

"తుఫానొచ్చినా ఆరది."

"అబ్బ! మంచి బత్తి" అన్నాడు గట్టయ్య. తుఫానుకూ ఆరదన్న మాట అతని మనసులో ఉండిపోయింది.

మృగశిర దాటింది. విత్తడానికి ఊరంతా సిద్ధమైంది. కూలీలకు గింజలు కొలవాలని పటేలు పెద్ద పాతర తీయించాడు. అది నిరుడు సగం తీసి మళ్లీ మూసినది. సందుల్లో తడి దిగిందో ఏమో, బండ జరపగానే పులిసిన వాసన కొట్టింది. పొద్దున దీపం దించితే ఆరింది. మధ్యాహ్నం దించితే మళ్లీ ఆరింది. పడమట మబ్బు నల్లగా లేచింది. తెరిచిన పాతరలో వాన పడితే గింజ మొత్తం మురిగిపోతుందని పటేలు కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు. మళ్లీ మూయిస్తే ఒక రోజు పోతుంది, అంతే. ఆ ఒక్క రోజుకు ఆయనకు ఓపిక లేకపోయింది.

ఆ వేళ బడిలో లింగమూర్తి ఏడో తరగతికి సైన్సు చెబుతున్నాడు. బల్లమీద కొవ్వొత్తి, గాజు గ్లాసు పెట్టుకున్నాడు. కిటికీలో తడి గుడ్డమీద మొలకెత్తిన జొన్నలున్నాయి. వాటిని చూపి గింజకు ప్రాణముంటుందని అప్పుడే చెప్పాడు. అంతలో సక్కుబాయి తమ్ముడు వెంకటి వాకిట్లో నిలబడ్డాడు. అతనూ పటేలు దగ్గరే ఉంటాడు.

"పంతులూ, పటేలు నీ బ్యాట్రిలైటు అడుగుతుండు. పాతరల దీపం నిలుస్తలేదు. రెండు మాట్ల ఆరింది. మబ్బు వట్టింది, జల్ది తియ్యాలంటుండు."

లింగమూర్తికి ఆ మాటలు చక్కగా వినబడ్డాయి. అందులో ఒక్కటీ తెలియని మాట లేదు. అయినా ఆయన బుర్రలో పడ్డది ఒక్కటే: పటేలు ఇంటి దీపాలతో కాని పని తన బ్యాటరీ లైటుతో అవుతుంది. సంచిలోంచి తీసి, అంగీ కొసతో అద్దం తుడిచి మరీ ఇచ్చాడు.

"కింద పడగొట్టద్దని చెప్పు" అన్నాడు.

వెంకటి పోయాడు. పంతులు కొవ్వొత్తి వెలిగించి మీద గ్లాసు బోర్లించాడు. మంట కాసేపు నిలిచి, సన్నబడి, నీలంగా మారి ఆరిపోయింది. పిల్లలు ఓహో అన్నారు.

"గిట్ల ఆరంగ ఎవలన్న యాడనన్న చూసిండ్రా?"

తారాబాయి లేచింది. "పాతరల సార్. మా బాపు దీపం దించుతడు. ఆరితే దిగడు."

"ఎందుకు ఆరుతది?"

"లచ్చుమి నిద్రల ఉంటది సార్."

పిల్లలు నవ్వారు. పంతులుకు మాత్రం సంతోషమయింది. పాఠం తనంతట తానే ఇంటి గడప తొక్కినట్టనిపించింది.

"నిద్ర గాదు బిడ్డా. జొన్నలు బతికున్న గింజలని చెప్పిన గదా. మూతవెడితే గవి లోపలి ప్రాణవాయువును తాగుతయి. తడి తగిలి పులిసినయనుకో, ఇంక జల్ది తాగుతయి. బొగ్గుపులుసు వాయువు ఇడుస్తయి. గా వాయువు బరువు, పైకి రాదు, గుంతల కూసుంటది. మంటకు గావల్సింది, మనిషికి గావల్సింది ఒక్కటే గాలి. దీపం ఆరిన కాడ మనిషి గూడ బతుకడు. మీ బాపు చేసేది మంచి పని."

తారాబాయి కూర్చోలేదు. ఏదో లెక్క కుదరనట్టు మొహం పెట్టింది.

"సార్, మరి బ్యాట్రిలైటు సుత ఆరుతదా?"

"ఆరది. దానికి గాలితోటి పనే లేదు, అది యాడనన్న ఎలుగు..."

మాట అక్కడే ఆగింది. పంతులు చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తాడు.

పటేలు అంగణం నిండా జనం. తాడు పాతరలోకి వదులుగా వేలాడుతోంది. ఆయన వచ్చేసరికే అంతా అయిపోయింది: లైటును తాడుకు కట్టి దించారు, అడుగుదాకా తెల్లగా వెలిగింది, ఆరలేదు. లచ్చుమి లేచిందన్నాడు పటేలు. గట్టయ్య కూడా మంచి బత్తి అని మెచ్చుకుని దిగాడు. కాలు జొన్నల మీద ఆనగానే తాడు వదిలాడు. బుట్ట అందుకోవడానికి వంగాడు. మళ్లీ లేవలేదు.

వెంకటి నడుముకు తాడు కట్టుకుంటున్నాడు. లింగమూర్తి వెనక నుంచి వాటేసుకున్నాడు.

"దిగద్దు! దిగితే నువ్వు సుత సస్తవ్!"

"ఇడువు పంతులూ! గాడ పండుకున్నడు, కన్పిస్తుండు గదా!"

నిజమే, కనిపిస్తున్నాడు. ఆ లైటు అంత పాపిష్టి పని చేసింది. జొన్నల మీద బోర్లా పడిన మనిషిని, బుట్ట మీద ఉన్న చేతిని, మెడలోని నల్లదారాన్ని పూసగుచ్చినట్టు చూపిస్తోంది. చీకటైతే జనం భయపడి ఆగేవాళ్లు. వెలుగులో అతను చేయి చాస్తే అందేటట్టున్నాడు. సక్కుబాయి పొలం నుంచి పరుగెత్తుకొచ్చింది. మూతి దగ్గర పడి, "ఓ తారా బాపూ!" అని పిలిచి, తానే దిగబోయింది. పంతులు ఆమె చెయ్యి పట్టాడు. ఆమె ఆ చేతిని కొరికింది. అయినా వదల్లేదు.

"దీపం ఆరిన కాడ దిగద్దక్కా, నీ కాల్మొక్త!" అని అరిచాడు. ఆ మాట గంట ముందు అనవలసింది.

వేపకొమ్మలు తాడుకు కట్టించి పాతరలో పైకీ కిందికీ ఆడించాడు. చేటలతో విసిరించాడు. బిందెలతో నీళ్లు చిమ్మించాడు. దీపం దించితే ఆరింది. మళ్లీ కొమ్మలు, మళ్లీ దీపం. ఎప్పటికో నిలిచింది. అప్పుడు వెంకటి దిగి బావను భుజాన వేసుకున్నాడు. పైకి తెచ్చేసరికి ఒళ్లు చల్లబడింది. గట్టయ్య తర్వాత అదే తాడుతో బ్యాటరీ లైటు కూడా వచ్చింది. ఇంకా వెలుగుతూనే ఉంది. ఎవరికీ ఆర్పడం తెలియక తెచ్చి పంతులు చేతిలో పెట్టారు.

ఆ మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా గోదావరి దిక్కు వెళ్లిపోయింది.

దినాలు అయ్యేదాకా ఊరంతా ఒకటే మాట. "పంతులు అడ్డం పడకుంటే వెంకటి అప్పుడే తెచ్చేటోడు. సదువుకున్నోనికి భయం ఎక్కువ." లింగమూర్తి ఆ మాటలన్నీ తలవంచుకుని పడ్డాడు. జాలిపడేవాళ్లు ఒకరిద్దరు, పాపం, ఎంత ఓర్పు అన్నారు. ఓర్పు కాదు అది. చెయ్యని తప్పుకు తిట్లు తినడం ఆయనకు హాయిగా ఉంది, ఎందుకంటే చేసిన తప్పు దాని వెనక దాక్కుంది. ఆ సంగతి తనకు తెలుసు కనుక రాత్రులు నిద్ర పట్టేది కాదు. సక్కుబాయి రొట్టెలు పంపడం మానింది. తారాబాయి మాత్రం బడికి వస్తూనే ఉంది. వెనక గోడకు ఆనుకుని కూర్చునేది, ఏమీ అడిగేది కాదు.

పదకొండో దినం అయిన మర్నాడు హనుమండ్లు పటేలు గట్టయ్య ఇంటికి వచ్చాడు. వెంకటి నెత్తిన జొన్నల మూట ఉంది. అది ఆ పాతర గింజే. సక్కుబాయి చేటలో పోసుకుని చెరగడం మొదలుపెట్టింది, తినాలి గదా మరి. పటేలు కొట్టం వైపు తిరిగి పంతులును పిలిచాడు.

"పంతులూ, రేపు రెండో పాతర తీస్తున్నం. వెంకటి దిగుతడు. నీ బ్యాట్రిలైటు జర ఇయ్యి. గట్టయ్యకు గండం ఉండె, పోయిండు. బత్తి తప్పేం లేదు, ఆఖరి దాంక మంచిగ ఎలిగింది."

వెంకటి తలూపాడు. అక్క ఇంటికి ఇక మగదిక్కు తానే అనుకుని మీసం కూడా సరిగా రాని మొహంతో గట్టిగా నిలబడ్డాడు. తారాబాయి దాపులోనే ఉంది. పటేలును చూడలేదు, మామను చూడలేదు, పంతులునే చూస్తోంది.

లైటు ఇవ్వననవచ్చు. పగిలిందనవచ్చు. అలా అంటే పటేలు బోథ్ నుంచి ఇంకొకటి తెప్పిస్తాడు.

"గా బత్తే సంపింది పటేలా" అన్నాడు లింగమూర్తి.

"ఏందీ?"

"మన దీపం ఊపిరి దీసుకుంటది. గాలి లేకుంటే సస్తది, సచ్చి మనలను ఆపుతది. గీ బత్తికి ఊపిరి లేదు. మనిషి సచ్చే కాడ గూడ ఎలుగుతనే ఉంటది. గిది ఆరలేదని పాతరల దిగితే వెంకటి సుత తిరిగి రాడు. దీపమే దించుండ్రి. ఆరితే పది దినాలైనా ఆగుండ్రి."

తప్పు తన మీది నుంచి పంతులు మీదికి పోతోందని అర్థమయ్యేసరికి పటేలు గొంతు పెంచాడు. "మరి నువ్వెందుకిచ్చినవ్?"

చేట చప్పుడు ఆగింది. సక్కుబాయి లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు. అడగడంలోనే ఆయనకు ఒక దారి వదిలింది.

"పంతులూ, గీ సంగతి నీకు ఎప్పుడెర్కయింది? గాయన పోయినంకనే గదా? అప్పటి దాంక నీకూ ఎర్కలేదు గదా?"

అవునంటే చాలు. ఎవరికి ఏం తెలుసు, నా తల రాత అని ఆమె ఏడ్చేది, మళ్లీ రొట్టెలు పంపేది. ఊరు కూడా ఊరుకునేది. కానీ తారాబాయి అక్కడే నిలబడి ఉంది. ఆ రోజు ఆ ప్రశ్న అడిగింది ఆ పిల్లే.

"ముందే ఎర్కక్కా" అన్నాడు లింగమూర్తి. "ఏండ్లసంది పిల్లలకు చెప్తున్న. గా పొద్దు గూడ, బత్తి వెంకటి చేతుల వెట్టి, మల్లీ గదే పాఠం చెప్పిన. తారకు గూడ చెప్పిన."

సక్కుబాయి బిడ్డ వైపు తిరిగింది. పిల్ల తల వంచుకుంది. అది చాలు ఆమెకు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. గూట్లో ఉన్న తార పలకను, పుస్తకాల సంచిని తీసుకొచ్చి పంతులు కాళ్ల ముందు పెట్టింది.

"రేపటి సంది గొడ్ల ఎంబడి పో బిడ్డా" అన్నది. "బడిల అన్నీ ఎర్కయితయట. ఎర్కయి ఏం జేస్తం?"

వెళ్లి మళ్లీ చేట అందుకుంది. మర్నాడు పాతరలోకి దీపమే దించారు. దీపం ఆరింది, ఆగారు. వెంకటి బతికాడు.